ఓటీ టెక్నీషియన్: ఒక్క పేరు కింద ఎన్ని ఉద్యోగాలు?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, నీట్‌లో సీటు వచ్చేలా లేదు. ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ కోర్సులో చేరమంటున్నారు. చేరమంటావా?" చేరమనో వద్దనో చెప్పే ముందు నేను ఒకటి అడుగుతాను. "ఓటీ టెక్నీషియన్ అంటే ఏం పని చేస్తాడని నీకు చెప్పారు?" ఒకరు, డాక్టర్‌కి కత్తెర్లు అందిస్తారంటారు. ఒకరు, మత్తు డాక్టర్ పక్కన ఉంటారంటారు. ఇంకొకరు, పేషెంట్‌ని స్ట్రెచర్ మీద లోపలికి తెస్తారంటారు. వాళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. మన దగ్గర ఈ ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. చదువు, జీతం, ఎదుగుదల, విదేశాల్లో గుర్తింపు నాలుగింటికీ ఒకేలా ఉండవు. చేరేటప్పుడు ఆ తేడా చెప్పేవాళ్లు లేక, రెండేళ్లు చదివాక "నేను అనుకున్న పని ఇది కాదన్నా" అన్న పిల్లల్ని చాలామందిని చూశాను. థియేటర్లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నవాడిగా ఆ ముడి విప్పి చూపించాలనే ఇది రాస్తున్నాను.

గాల్ బ్లాడర్ తీసే ల్యాపరోస్కోపీ కేసు, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్, ఒకటి అనుకోండి. టేబుల్‌కి తలవైపు మత్తు డాక్టర్ ఉంటారు. ఆయన పక్కన ఉండేది అనస్థీషియా టెక్నీషియన్. కేసు తొమ్మిదింటికైతే ఇతని పని ఏడింటికే మొదలవుతుంది. పైప్‌లైన్‌లో ఆక్సిజన్ ప్రెషర్ సరిగా వస్తోందా? పైప్‌లైన్ ఆగిపోతే ఆదుకోవాల్సిన సిలిండర్, అంటే నల్ల ఒళ్లు, తెల్ల భుజాలు ఉన్నది, నిండుగా ఉందా? పేషెంట్‌కి గ్యాస్ చేరవేసే గొట్టాల సర్క్యూట్‌లో లీకు ఉందా? వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే సోడా లైమ్ రంగు మారిందా? సక్షన్ గట్టిగా లాగుతోందా? గొంతులోకి చూసే లారింజోస్కోప్ లైటు వెలుగుతోందా? ఊపిరి కోసం గొంతులోకి వేసే ట్యూబు డాక్టర్ ఒక సైజు చెబితే దాని పైసైజు, కిందిసైజు కూడా చేతికి అందేలా పెట్టుకోవాలి. ట్యూబు వేసే ఆ కొద్ది క్షణాల్లో పేషెంట్ తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. అప్పుడు సొరుగులు వెతుక్కుంటే కుదరదు.

టేబుల్ పక్కన, స్టెరైల్ (క్రిములు లేని) గౌను, గ్లౌజులు వేసుకుని ట్రాలీ ముందు నిలబడే మనిషిని స్క్రబ్ అంటాం. సర్జన్‌కి పరికరాలు అందించేది, మాపులు (రక్తం పీల్చే గుడ్డలు), సూదులు లెక్కపెట్టేది, ట్రాలీ శుభ్రతకి కాపలా కాసేది ఈ మనిషే. గౌను వేసుకోకుండా చుట్టూ తిరుగుతూ కావాల్సినవి ప్యాకెట్ విప్పి వేసేవారు, కరెంటుతో రక్తం ఆపే కాటరీ మెషీన్ ప్లేటు పేషెంట్‌కి అంటించేవారు, కెమెరా, గ్యాస్ మెషీన్ కనెక్ట్ చేసేవారు ఫ్లోర్. ఇక కారిడార్ చివర, ఎవరికీ పెద్దగా కనిపించని సీఎస్ఎస్‌డీలో (పరికరాల స్టెరిలైజేషన్ విభాగంలో), నిన్నటి పరికరాలు కడిగి, ఆరబెట్టి, సెట్లు కట్టి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టేవారు ఇంకొకరు.

అమెరికాలో సర్జికల్ టెక్నాలజిస్ట్ అంటే ప్రధానంగా ఆ రెండో మనిషి, స్క్రబ్. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సులు చాలక, సైన్యం మామూలు కుర్రాళ్లకి థియేటర్ పని నేర్పింది. యుద్ధం అయ్యాక వాళ్లు ఆసుపత్రుల్లోకి వచ్చారు. 1969లో సొంత సంఘం పెట్టుకున్నారు. మెల్లగా అది ప్రత్యేకమైన చదువు, ప్రత్యేకమైన పరీక్ష ఉన్న వృత్తి అయింది. మన దగ్గర కథ వేరు. స్క్రబ్ పని మొదటి నుంచీ నర్సులదే. పెద్ద ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఎక్కువగా జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివిన సిస్టర్లే స్క్రబ్ అవుతారు. టెక్నీషియన్‌కి తలవైపు పని, ఫ్లోర్ పని వస్తాయి. నలభై, యాభై పడకల నర్సింగ్ హోంలో మాత్రం ఒకే టెక్నీషియన్ పొద్దున మెషీన్ చెక్ చేసి, తర్వాత స్క్రబ్ అయి, కేసు అయ్యాక పరికరాలు కడిగి ఆటోక్లేవ్ కూడా పెడతాడు. అందుకే యూట్యూబ్‌లో అమెరికా వీడియో చూసి "సర్జన్‌కి ఎదురుగా నిలబడే ఉద్యోగం" అనుకుని చేరిన అమ్మాయికి, కార్పొరేట్ ఆసుపత్రిలో మూడు నెలలైనా గౌను తొడిగే అవకాశం రాకపోవచ్చు. అది ఆమె లోపం కాదు. అక్కడ ఆ కుర్చీ వేరేవాళ్లది.

చదువులోకి వద్దాం. మన రెండు రాష్ట్రాల్లో పారామెడికల్ బోర్డుల కింద రెండేళ్ల డిప్లొమాలు ఉన్నాయి. అనస్థీషియా టెక్నీషియన్ ఒకటి. మెడికల్ స్టెరిలైజేషన్ మేనేజ్‌మెంట్ అండ్ ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ ఇంకొకటి. రెండో పేరు ఒకసారి నెమ్మదిగా చదవండి. అందులో మొదటి మాటే స్టెరిలైజేషన్. అది సీఎస్ఎస్‌డీ, ఫ్లోర్ వైపు తీసుకెళ్లే కోర్సు. తలవైపు పని ఇష్టమైతే మొదటిది చూసుకోవాలి. సీట్లలో బైపీసీ వాళ్లకి ముందు ప్రాధాన్యం ఇస్తారు. డిగ్రీ కావాలంటే విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ కోర్సులు ఉన్నాయి. వాటిలో అనస్థీషియా, ఓటీ కలిపి చెబుతారు. చివర్లో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఇంట్లో పరిస్థితి సహకరిస్తే డిగ్రీయే చేయమని నేను చెబుతాను. దానికి కారణం 2021లో వచ్చిన చట్టం.

నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం అది. అంతకుముందు మన వృత్తికి దేశమంతటికీ వర్తించే నిర్వచనమే లేదు. డాక్టర్లకి కౌన్సిల్ ఉంది, నర్సులకి ఉంది, ఫార్మసిస్టులకి ఉంది, మనకి లేదు. రెండు నెలల సర్టిఫికెట్ ఉన్నవాడూ, నాలుగేళ్లు చదివినవాడూ ఒకే బ్యాడ్జి పెట్టుకుని తిరిగేవారు. ఈ చట్టం సర్జరీ, అనస్థీషియా టెక్నాలజీని గుర్తింపు ఉన్న వృత్తుల జాబితాలో చేర్చింది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం రెండేళ్లు, 2000 గంటల చదువు ఉండాలంది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అంటే కనీసం మూడేళ్లు, 3600 గంటల డిగ్రీ. 2025లో కమిషన్ దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక ఇచ్చిన కోర్సుల్లో అనస్థీషియా, ఓటీ టెక్నాలజీ కూడా ఉంది. అదే ఏడాది యూజీసీ ఈ చట్టం కిందికి వచ్చే కోర్సుల్ని డిస్టెన్స్‌లో, ఆన్‌లైన్‌లో నడపకూడదంది. కాబట్టి "ఆదివారాలు వస్తే చాలు, ఆరు నెలల్లో ఓటీ సర్టిఫికెట్" అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఆ డబ్బుతో మీ నాన్నగారి అప్పు పెరుగుతుంది తప్ప మీ చేతికి పనికొచ్చే కాగితం రాదు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడొద్దు. క్లినికల్ పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో, అక్కడ రోజుకి ఎన్ని కేసులు జరుగుతాయి, ఎన్ని థియేటర్లు ఉన్నాయి, ఇవి అడగండి. నాకు ఇది అనుభవం మీద తెలిసింది. నేను చదివిన చోట పోస్టింగ్ ఇచ్చిన ఆసుపత్రిలో వారానికి రెండో మూడో కేసులు జరిగేవి. మిగతా రోజులు ఫైళ్లు మోశాం, ఓపీలో బీపీలు చూశాం. హాజరు మాత్రం నిండుగా పడేది. డిప్లొమా చేతికి వచ్చేనాటికి నాకు ఆలిస్, బాబ్‌కాక్ అనే రెండు ఫోర్సెప్స్‌కి తేడా బొమ్మల్లోనే తెలుసు. మొదటి ఉద్యోగంలో సర్జన్ "కాకర్" అనే ఫోర్సెప్స్ కోసం చేయి చాపితే నేను వేరేది, రక్తనాళం పట్టుకునే వంకర ఆర్టరీ ఫోర్సెప్స్, పెట్టాను. ఆయన తిట్టలేదు. దాన్ని పక్కన పెట్టి మళ్లీ చేయి చాపారు. ఆ రాత్రి అవమానంతో నిద్రపట్టలేదు. తర్వాత ఆరు నెలలు డ్యూటీ అయ్యాక సీఎస్ఎస్‌డీలో కూర్చుని ఒక్కో సెట్టు విప్పి కట్టుకుంటూ నేర్చుకున్నాను. అందుకే కొత్తవాళ్లకి చెబుతాను: పరికరం పేరు పుస్తకంలో కంటే కడిగేటప్పుడు బాగా గుర్తుంటుంది. దాని పళ్లు, లాకు, బరువు వేళ్లకి తెలుస్తాయి.

సీఎస్ఎస్‌డీని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు బాధ. ఆవిరి తగలని చోట క్రిమి చావదు. ఆటోక్లేవ్ 121 డిగ్రీలకి వెళ్లినా, 134కి వెళ్లినా, ఆర్టరీ ఫోర్సెప్స్ లాకు వేసి పెడితే ఆ కీలు మధ్యకి ఆవిరి పోదు. రక్తం ఎండిపోయి గాడిలో ఉండిపోతే దాని కింద క్రిమి క్షేమంగా ఉంటుంది. అందుకే లాకులు తెరిచి పెట్టాలి, ట్రేలు కిక్కిరిసి ఉండకూడదు, వ్యాక్యూమ్ ఆటోక్లేవ్‌లో రోజూ మొదటి సైకిల్‌కి ముందు, ఆవిరి అంతటా చేరుతోందో లేదో చూసే బౌయీ డిక్ టెస్ట్ పెట్టాలి. ప్యాకెట్‌కి అంటించే టేపు మీద గీతలు నల్లబడ్డాయంటే ప్యాకెట్‌కి వేడి తగిలిందని మాత్రమే అర్థం. లోపలి క్రిములన్నీ చచ్చాయని ఆ గీత చెప్పదు. అది తెలియాలంటే బతికున్న క్రిములుండే బయలాజికల్ ఇండికేటర్ పెట్టి, అవి చచ్చాయో లేదో చూడాల్సిందే. ఇదంతా నేర్చుకున్న టెక్నీషియన్ రేపు థియేటర్లో నిలబడితే, ఏ ప్యాకెట్ విప్పాలో, ఏది వెనక్కి పంపాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ పనికి అసలు కావాల్సింది ఏమిటో ఒక కేసు చెబితే తెలుస్తుంది. గర్భసంచి తీసే ఆపరేషన్. నేను ఫ్లోర్‌లో కొత్త. మాపులు ఐదేసి కట్టలు. మొదట రెండు కట్టలు ఇచ్చాం, మధ్యలో రక్తం ఎక్కువైతే ఇంకో కట్ట విప్పాను. మొత్తం పదిహేను. బోర్డు మీద రాశాను. కడుపు మూసే ముందు స్క్రబ్ సిస్టర్ కౌంట్ అడిగింది. ట్రాలీ మీద ఆరు. బకెట్లో ఎనిమిది. పద్నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. పద్నాలుగే. నోరు ఎండిపోయింది. "సార్, ఒకటి తక్కువ" అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. సిస్టర్ అంది. సర్జన్ సూది హోల్డర్ పక్కన పెట్టి, లోపల ఒకసారి చెయ్యి తిప్పి చూసి, చేతులు పేషెంట్ మీద కప్పిన డ్రేప్ మీద పెట్టుకుని నిలబడిపోయారు. సిస్టర్ నాతో, "బకెట్లోవి కింద షీటు పరిచి ఒక్కొక్కటీ విప్పి పెట్టు తమ్ముడూ. ఐదేసి వరుస" అంది. గ్లౌజులు వేసుకుని మోకాళ్ల మీద కూర్చుని విప్పాను. ఆరోది ఎత్తితే బరువుగా ఉంది. రెండు మాపులు రక్తంతో తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయి, ఒక్కటిలా ముద్దయ్యాయి. విడదీశాను. పదిహేను. "కౌంట్ కరెక్ట్" అని సిస్టర్ అన్నాకే సర్జన్ మళ్లీ సూది అందుకున్నారు.

అప్పుడు అది దొరక్కపోయి ఉంటే ఎక్స్‌రే తీసేవాళ్లం. మాపులో ఎక్స్‌రేకి కనిపించే దారం ఉండేది అందుకే. కోత పెట్టక ముందు, కడుపు మూసే ముందు, చర్మం కుట్టే ముందు లెక్కలు చూస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో సర్జరీ చెక్‌లిస్టు తెచ్చినప్పుడు అందులో ఈ లెక్కని కూడా పెట్టింది. పేషెంట్ థియేటర్ నుంచి బయటికి వెళ్లే ముందు లెక్క సరిపోయిందని అందరికీ వినపడేలా చెప్పాలి. గొంతు పెద్దది చేసి "ఒకటి తక్కువ" అనగలగడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద నైపుణ్యం. స్టెరైల్ విషయంలోనూ అంతే. గౌను వెనకభాగం, నడుము కింద భాగం స్టెరైల్ కింద లెక్కకి రావు. మోచేయి ఎక్కడో తగిలిందని మీ ఒక్కరికే తెలుస్తుంది. ఎవరూ చూడలేదు కదా అని ఊరుకోవచ్చు. ఊరుకోకుండా "నేను అన్‌స్టెరైల్ అయ్యాను, మార్చుకుంటాను" అని వెనక్కి జరిగినవాళ్లనే సర్జన్లు మళ్లీ మళ్లీ అడిగి పిలిపించుకుంటారు.

మనం తొడిగే గ్లౌజుకి కూడా ఒక స్క్రబ్ నర్సే కారణం. 1889-90 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో కెరొలీన్ హాంప్టన్ అనే నర్సుకి, చేతులు కడుక్కునే మందు వల్ల చర్మం పగిలిపోయేది. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమె కోసం పలచటి రబ్బరు గ్లౌజులు చేయించారు. ఇంచుమించు అదే సమయంలో మన హైదరాబాద్‌లో, ఆరో నిజాం ఖర్చుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, అప్పటి మత్తు మందు క్లోరోఫామ్ మీద పరిశోధన చేసిన క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. మత్తు ఎంత ఇస్తే ప్రమాదం, ఊపిరి ముందు ఆగుతుందా, గుండె ముందు ఆగుతుందా అన్న చర్చ ప్రపంచమంతా వెళ్లింది ఇక్కడి నుంచే. ఆ పనిలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెబుతారు. తలవైపు స్టూలు దగ్గర నిలబడే మన తెలుగు పిల్లలకి ఈ సంగతి తెలిసి ఉండాలని నా కోరిక.

ఉద్యోగాలు ఉన్నాయా అంటే, ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో కూడా పెద్ద ఆపరేషన్లు చేసే ఆసుపత్రులు లేచాయి. థియేటర్ ఉన్న ప్రతిచోటా చేతులు కావాలి. కానీ మొదటి జీతం తక్కువగానే ఉంటుంది, నైట్లు ఎక్కువ ఉంటాయి. ఆ మొదటి రెండేళ్లని నేను జీతంతో కొలవను. సిజేరియన్, హెర్నియా, అపెండిక్స్, గాల్ బ్లాడర్, ఎముకల ప్లేటింగ్, ఇవన్నీ జరిగే మధ్యరకం ఆసుపత్రిలో చేరితే రెండేళ్లలో చేతికి అన్నీ తగులుతాయి. ఆ తర్వాత ఒక దారి పట్టుకోవాలి. గుండె సర్జరీ థియేటర్, మోకాలి మార్పిడి, న్యూరో, ల్యాపరోస్కోపీ, రోబోటిక్, ఏదో ఒకటి. మోకాలి మార్పిడిలో ట్రేలే పదికి దగ్గరగా వస్తాయి, ఎముక కొలత చూసే సైజింగ్ బ్లాకులు వరుస తప్పకుండా అందించాలి. ఆ వరుస తెలిసిన మనిషి సెలవు పెడితే కేసు వాయిదా వేసుకునే సర్జన్లని చూశాను. జీతం గురించి మాట్లాడే బలం అక్కడి నుంచి వస్తుంది. కొందరు ఇంప్లాంట్ కంపెనీల వైపు వెళ్తారు. కొందరు సీఎస్ఎస్‌డీ ఇన్‌ఛార్జిలవుతారు. డిగ్రీ ఉన్నవాళ్లు ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెబుతారు.

ప్రభుత్వంలో ఎయిమ్స్, ఈఎస్ఐసీ వంటి చోట్ల ఓటీ అసిస్టెంట్, అనస్థీషియా టెక్నీషియన్ పోస్టులు పడుతుంటాయి. నోటిఫికేషన్‌లో పోస్టు పేరు, అర్హత పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీ సర్టిఫికెట్ మీద ఉన్న కోర్సు పేరు అక్కడి మాటకి సరిపోక వెనక్కి వచ్చిన దరఖాస్తులు చాలా ఉన్నాయి. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ చదువు అయిన వెంటనే చేయించుకోండి, ఉద్యోగం వచ్చాక చూద్దామనుకోవద్దు.

విదేశాల సంగతి. గల్ఫ్‌లో మన తెలుగు టెక్నీషియన్లు చాలామంది ఉన్నారు. అక్కడ లైసెన్సు పరీక్ష రాయాలి, డేటాఫ్లో అనే వెరిఫికేషన్ దాటాలి. వాళ్లు మీ కాలేజీకి, బోర్డుకి, పనిచేసిన ఆసుపత్రికి నేరుగా రాసి నిజమా కాదా అని అడుగుతారు. బ్రిటన్‌లో ఈ పనిని ఆపరేటింగ్ డిపార్ట్‌మెంట్ ప్రాక్టీషనర్ అంటారు. తలవైపు పని, స్క్రబ్, ఆపరేషన్ తర్వాతి రికవరీ, మూడూ వచ్చి ఉండాలి. పేరు నమోదు చేయించుకోకుండా ఆ హోదా వాడకూడదు. అమెరికాలో సర్టిఫికేషన్ పరీక్షకి మామూలుగా అక్కడ గుర్తింపు ఉన్న కోర్సు చదివి ఉండాలి. ఇక్కడి డిప్లొమాతో నేరుగా వెళ్లి స్క్రబ్ అవుతామని ఏజెంట్ చెబితే నమ్మి డబ్బు కట్టొద్దు.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. కోర్సులో చేరిన మొదటి నెలలోనే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టండి. మొదటిది వేసుకున్నాక నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. సూది గుచ్చుకుంటే దాచొద్దు. వెంటనే సబ్బు నీళ్లతో కడిగి, ఇన్‌ఛార్జికి చెప్పి, అవసరమైతే హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు మొదలుపెట్టించుకోండి. అది తొలి రెండు గంటల్లో పడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారేమోనన్న టెన్షన్‌తో రెండు రోజులు నోరు మూసుకున్న కుర్రాడిని నేను ఎరుగుదును. రిపోర్టు వచ్చేదాకా మూడు నెలలు వాడు తిండి సరిగా తినలేదు. ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపే సీ ఆర్మ్ మెషీన్ వాడే కేసుల్లో లెడ్ ఏప్రన్ బరువని విప్పేయొద్దు.

చివరగా కాగితాలు. చేసిన ప్రతి కేసూ ఒక నోటుబుక్కులో రాసుకోండి: తేదీ, ఆపరేషన్ పేరు, మీరు నిలబడ్డ చోటు. పేషెంట్ పేరు రాయొద్దు. ఉద్యోగం మారే ప్రతిసారీ లెటర్‌హెడ్ మీద, పోస్టు పేరుతో, తేదీలతో అనుభవ పత్రం తీసుకోండి. నాతో పనిచేసిన ఒకతను ఒక నర్సింగ్ హోంలో ఆరేళ్లు అన్ని రకాల కేసులూ చేశాడు. పని అంటే ప్రాణం పెట్టేవాడు. ఆ నర్సింగ్ హోం మూతపడింది. గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమయ్యాక వెరిఫికేషన్‌కి జవాబిచ్చేవాళ్లు లేకపోయారు. ఆ ఆరేళ్లూ లెక్కలోకి రాలేదు. ముప్పై రెండేళ్ల వయసులో ఇంకో ఆసుపత్రిలో మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఇప్పుడు అక్కడ రెండో ఏడాది నడుస్తోంది. ప్రతి నెలా జీతం చీటీ, డ్యూటీ రోస్టరు ఫోటో తీసి ఫైల్లో పెట్టుకుంటున్నాడు.